‘ది డార్క్ నైట్’ చిత్రం నేర్పే నాయకత్వ పాఠాలు

సూపర్ హీరో చిత్రాలంటే పిల్లల కాలక్షేపమనే అభిప్రాయం మన పెద్దల్లో బలంగా నాటుకుపోయింది. ముసుగు ధరించిన వీరుడు ఆకాశహర్మ్యాల మీద నుంచి దూకడం, వాహనాలు పేలిపోవడం, చివరకు దుష్టుడు పట్టుబడడం తప్ప వాటిలో ఏముంటుందని చాలామంది ప్రశ్నిస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ చట్రంలోనే ఉంటూ అధికారం, ప్రజావిశ్వాసం, సత్యం వంటి గంభీరమైన విషయాలను చర్చకు పెట్టిన చిత్రాలు కొన్ని ఉన్నాయి. క్రిస్టఫర్ నోలన్ దర్శకత్వంలో 2008 జూలైలో విడుదలైన ‘ది డార్క్ నైట్’ వాటిలో ముందువరుసలో నిలుస్తుంది.

ఈ పేరులోని ‘నైట్’ అనే మాటకు రాత్రి అని అర్థం కాదు. మధ్యయుగపు ఐరోపాలో రాజును సేవించిన అశ్వయోధుణ్ణి ఆంగ్లంలో ఆ పేరుతో పిలిచేవారు. బిరుదులూ సత్కారాలూ లేకుండా చీకటిలో ఉండి నగరాన్ని కాపాడే యోధుడని ఆ పేరుకు భావం. 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ సృష్టించిన బ్యాట్‌మన్ పాత్ర ఆధారంగా నోలన్ మూడు చిత్రాలు తీశారు. 2005లో ‘బ్యాట్‌మన్ బిగిన్స్’, 2008లో ‘ది డార్క్ నైట్’, 2012లో ‘ది డార్క్ నైట్ రైజెస్’ వచ్చాయి. రెండవ చిత్రం ప్రపంచవ్యాప్తంగా వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అందులో జోకర్ పాత్ర ధరించిన హీత్ లెడ్జర్ చిత్రం విడుదలకు ముందే, 2008 జనవరిలో మరణించారు. మరుసటి ఏడాది ఆయనకు మరణానంతరం ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ పురస్కారం లభించింది.

నాయకత్వం గురించి చెప్పేవారు సాధారణంగా ఈ చిత్రం ముగింపులోని త్యాగాన్ని ఉదాహరణగా చూపుతారు. నగర క్షేమం కోసం కథానాయకుడు తాను చేయని నేరాన్ని తన నెత్తిన వేసుకుంటాడు. ప్రేక్షకుడి కళ్లు చెమర్చే ఘట్టమది. కాని మూడు చిత్రాలనూ వరుసగా చూసినవారికి ఆ త్యాగం వెనుక ఒక పెద్ద పొరపాటు కూడా కనిపిస్తుంది. నాయకులు విజయాల నుంచి నేర్చుకునే దానికంటే ఆ పొరపాటు నుంచి నేర్చుకోవలసింది ఎక్కువ.

కథ క్లుప్తంగా

గోథం ఒక కల్పిత అమెరికా నగరం. మాఫియా ముఠాలు, లంచగొండి పోలీసులు కలిసి ఆ నగరాన్ని గుల్ల చేస్తున్నారు. కోటీశ్వరుడైన బ్రూస్ వేన్ రాత్రివేళ బ్యాట్‌మన్ వేషంలో నేరస్థులను పట్టుకుంటూ ఉంటాడు. పోలీసు శాఖలో నిజాయితీపరుడైన జేమ్స్ గోర్డన్, జిల్లా ప్రభుత్వ న్యాయవాది హార్వీ డెంట్ అతడితో చేతులు కలుపుతారు. ముగ్గురూ కలిసి మాఫియా ధనాన్ని దాచే వ్యక్తిని హాంకాంగ్ నుంచి రప్పించి, వందలాది నేరస్థులను న్యాయస్థానం ముందు నిలబెడతారు.

దిక్కుతోచని ముఠాలు జోకర్ అనే వ్యక్తిని ఆశ్రయిస్తాయి. అతడికి ధనాశ లేదు. తనకు చేరిన డబ్బు గుట్టకు తానే నిప్పంటిస్తాడు. భయం కలిగితే ప్రతి మనిషీ క్రూరుడవుతాడని, నీతి నియమాలు అనుకూల సమయాల్లో మాత్రమే నిలుస్తాయని నిరూపించడం అతడి లక్ష్యం. కనుక ఈ కథలోని పోరాటం కండబలానికి సంబంధించినది కాదు. ప్రజలు నమ్మదగినవారా, కాదా అన్న ప్రశ్నే దానికి మూలం.

అనుచరులు దేనిని అనుసరిస్తారు?

చిత్రం ఆరంభంలో ఒక వాహనాల నిలుపుదల స్థలంలో కొందరు సాధారణ పౌరులు బ్యాట్‌మన్ వేషం వేసుకొని, తుపాకులు పట్టుకొని నేరస్థుల మీదికి వెళతారు. అసలు బ్యాట్‌మన్ వచ్చి నేరస్థులతో పాటు వారిని కూడా కట్టిపడేస్తాడు. అప్పుడు వారిలో ఒకడు, నీకు ఉన్న హక్కు ఏమిటి, నీకూ మాకూ తేడా ఏమిటి అని నిలదీస్తాడు. బ్యాట్‌మన్ తమ దుస్తుల్లో తేడా ఉందన్నట్లుగా ఒక ఎకసెక్కపు మాట అని వెళ్లిపోతాడు. అడిగిన ప్రశ్నకు సమాధానం రాదు.

ఈ చిన్న ఘట్టంలో ముఖ్యమైన పాఠం ఉంది. నాయకుడు తన లక్ష్యాన్ని చూసి జనం స్ఫూర్తి పొందాలని కోరుకుంటాడు. జనం మాత్రం అతడి లక్ష్యం కంటే అతడి పద్ధతిని ముందుగా అనుకరిస్తారు. చంపకూడదన్న నియమం బ్యాట్‌మన్ మనసులో ఉంది. అనుకరించినవారికి ముసుగు మాత్రమే కనిపించింది. వారిలో ఒకడు తరువాత జోకర్ చేతిలో దారుణంగా చనిపోతాడు. తన నియమాలను నోరు విప్పి చెప్పని నాయకుడు అనుచరులను ప్రమాదంలోకి నెడతాడు. ప్రధానోపాధ్యాయుడు ఆలస్యంగా వస్తూ సమయపాలన గురించి ఉపన్యసిస్తే పిల్లలు ఉపన్యాసాన్ని మరచిపోయి ఆలస్యాన్నే నేర్చుకోవడం కూడా ఇటువంటిదే.

ఇంటి దొంగను ఉపేక్షించడం

గోర్డన్ నిజాయితీపరుడు. కాని ఆయన విభాగంలో పనిచేసేవారందరూ అటువంటివారు కారు. వారిలో కొందరి మీద లోగడ తాను విచారణ జరిపినట్లు డెంట్ హెచ్చరిస్తాడు. అలా విచారణకు గురైనవారందరినీ తీసివేస్తే తాను ఒంటరిగా పనిచేయవలసి వస్తుందని గోర్డన్ బదులిస్తాడు. ఉన్నవారితోనే పని నడిపించుకోవాలన్నది ఆయన వాదన. ఏ కార్యాలయంలోనైనా, ఏ పాఠశాలలోనైనా వినిపించే వాదనే ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది.

ఫలితం ఘోరంగా పరిణమిస్తుంది. డెంట్‌ను, అతడు వివాహమాడదలచిన రేచల్‌ను జోకర్ మనుషులకు అప్పగించినవారు ఆ విభాగంలోని వర్ట్జ్, రమిరెజ్ అనే పోలీసులే. ఇద్దరినీ వేర్వేరు చోట్ల పేలుడు పదార్థాల మధ్య బంధిస్తారు. జోకర్ చిరునామాలను తారుమారు చేసి చెబుతాడు. రేచల్ కోసం పరుగెత్తిన బ్యాట్‌మన్‌కు అక్కడ డెంట్ కనిపిస్తాడు. రేచల్ మరణిస్తుంది. డెంట్ ముఖం సగం కాలిపోతుంది. తల్లి ఆసుపత్రి ఖర్చుల కోసం తాను మొదట డబ్బు తీసుకున్నానని రమిరెజ్ తరువాత చెప్పుకుంటుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఇక్కడ దొంగ ఎవరో తెలియకపోలేదు, అనుమానం ముందే ఉంది. హెచ్చరించిన మనిషీ ఉన్నాడు. గోర్డన్ ఆ హెచ్చరికను పనిభారం పేరుతో పక్కన పెట్టాడు. రమిరెజ్ ఉదంతంలో మరొక కోణం కూడా ఉంది. తన కింద పనిచేసే మనిషి ఇంట్లో జబ్బు ఉందని, అప్పు ఉందని తెలుసుకోవడం కూడా అధికారి బాధ్యతల్లో ఒకటి. మంచి అధికారి ఆ కష్టాన్ని తెలుసుకోకపోతే చెడ్డవాడు తెలుసుకొని వాడుకుంటాడు.

అధికారానికి గడువు ఉండాలి

ఒక విందులో డెంట్, రేచల్, బ్రూస్ వేన్ మాట్లాడుకుంటారు. శత్రువు గుమ్మం ముందుకు వచ్చినపుడు రోమనులు ప్రజాస్వామ్యాన్ని కొంతకాలం నిలిపివేసి ఒకే వ్యక్తికి అధికారం అప్పగించేవారని, దానిని గౌరవంగా కాక సేవగా భావించేవారని డెంట్ అంటాడు. అలా చివరిసారి అధికారం పొందిన సీజర్ దానిని తిరిగి ఇవ్వలేదని రేచల్ గుర్తు చేస్తుంది.

ఈ సంభాషణకు చరిత్రలో ఆధారం ఉంది. రోమను గణరాజ్యంలో ఆపద వచ్చినపుడు నియమితుడయ్యే సర్వాధికారి పదవికి ఆరు నెలల గడువు ఉండేది. క్రీస్తు పూర్వం 458లో సిన్సినాటస్ అనే రైతును పొలం నుంచి పిలిపించి ఆ పదవిలో కూర్చోబెట్టారని, శత్రువును ఓడించి పదహారు రోజులకే ఆయన పదవిని వదిలి నాగలి వద్దకు తిరిగి వెళ్లాడని సంప్రదాయ కథనం. జూలియస్ సీజర్ క్రీస్తు పూర్వం 44లో జీవితకాల సర్వాధికారి అయ్యాడు. అదే ఏడాది మార్చిలో హత్యకు గురయ్యాడు. గణరాజ్యం మళ్లీ కోలుకోలేదు. మనకు ఈ విషయం కొత్తది కాదు. పద్నాలుగేళ్లపాటు రాముని పాదుకలను సింహాసనంపై ఉంచి, నందిగ్రామంలో ఉండి రాజ్యం నడిపి, గడువు తీరగానే అప్పగించిన భరతుని కథ ప్రతి తెలుగు ఇంటా తెలిసినదే.

చిత్రంలో ఈ ప్రశ్నకు పరీక్ష చివరి భాగంలో వస్తుంది. జోకర్ ఆచూకీ తెలుసుకోవడానికి బ్యాట్‌మన్ నగరంలోని ప్రతి సెల్‌ఫోన్‌నూ శబ్దాన్ని పసిగట్టే పరికరంగా మార్చే యంత్రాన్ని సిద్ధం చేస్తాడు. దాని ద్వారా ఎవరు ఎక్కడ ఉన్నదీ, ఏం మాట్లాడుతున్నదీ తెలుస్తుంది. వేన్ సంస్థ అధిపతి లూసియస్ ఫాక్స్ దానిని చూసి నివ్వెరపోతాడు. ఒక్క మనిషి చేతిలో ఇంత శక్తి ఉండరాదని అభ్యంతరం చెబుతాడు. ఈ ఒక్కసారికి సహకరిస్తాననీ, ఆ యంత్రం సంస్థలో ఉన్నంతకాలం తాను ఉండననీ స్పష్టం చేస్తాడు. పని ముగిశాక తన పేరును అందులో నమోదు చేయమని బ్యాట్‌మన్ ముందే చెప్పి ఉంటాడు. ఫాక్స్ ఆ విధంగా చేయగానే యంత్రం తనంతట తానే ధ్వంసమైపోతుంది.

ఇక్కడ బ్యాట్‌మన్ చేసిన ఏర్పాటులో మూడు అంశాలు ఉన్నాయి. యంత్రాన్ని నడిపే అధికారం తన చేతిలో ఉంచుకోలేదు. తన ముఖం మీదే తప్పని చెప్పగల మనిషికి దానిని అప్పగించాడు. దానిని నాశనం చేసే ఏర్పాటును వాడకానికి ముందే చేశాడు. అయినా నగర ప్రజల అనుమతి లేకుండా వారి మాటలు విన్నాడన్న దోషం అతడికి మిగిలే ఉంటుంది. అది ఊహాలోకపు సమస్య కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో పేట్రియాట్ చట్టం వచ్చింది. అక్కడి ప్రభుత్వ సంస్థలు కోట్లాది మంది ఫోన్ వివరాలను సేకరించిన సంగతి 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ ద్వారా లోకానికి తెలిసింది. ఆపద పేరిట తెచ్చుకున్న అధికారాన్ని ఆపద తీరాక ఎవరూ తమంతట తాము వదులుకోరు. కనుక గడువును ముందే రాసి పెట్టుకోవాలి.

వ్యతిరేకి ప్రాణానికి కూడా కాపలా

వేన్ సంస్థలో పనిచేసే కోల్మన్ రీస్ లెక్కలు తిరగేసి బ్యాట్‌మన్ ఎవరో కనిపెడతాడు. ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని బెదిరిస్తాడు. ఆ తర్వాత టెలివిజన్‌లో రహస్యం బయటపెట్టడానికి సిద్ధపడతాడు. ఇంతలో జోకర్ మాట మారుస్తాడు. గంటలోగా రీస్‌ను ఎవరైనా చంపకపోతే ఒక ఆసుపత్రిని పేల్చివేస్తానని ప్రకటిస్తాడు. నగరంలో సామాన్యులే అతడిని చంపడానికి బయలుదేరతారు. భార్య ఆసుపత్రిలో ఉన్న ఒక పోలీసు కూడా తుపాకి ఎత్తుతాడు.

రీస్ చనిపోతే బ్రూస్ వేన్ రహస్యం భద్రంగా ఉంటుంది. చేతులు కట్టుకొని కూర్చుంటే చాలు. కాని అతడు తన ఖరీదైన కారును అడ్డం పెట్టి, రీస్ ఉన్న వాహనాన్ని ఢీకొనబోయిన లారీని ఆపుతాడు. ఆ క్షణంలో ఇద్దరి చూపులూ కలుస్తాయి. రీస్ మళ్లీ నోరు విప్పడు. తనను ఇబ్బంది పెట్టేవాడిని ఇతరులు తొలగిస్తుంటే మౌనంగా చూడడం చాలామంది నాయకులకు అలవాటు. ఆ ప్రలోభానికి లొంగకపోవడం ఇక్కడ గమనించవలసిన గుణం.

రెండు నౌకల పరీక్ష

చిత్రానికి హృదయం వంటి ఘట్టం ఇక వస్తుంది. జోకర్ బెదిరింపుతో జనం నగరం విడిచి పోతుంటారు. రెండు పెద్ద నౌకలు బయలుదేరతాయి. ఒకదానిలో సాధారణ పౌరులు, రెండవదానిలో జైలు ఖైదీలు ఉంటారు. రెండింటిలోనూ పేలుడు పదార్థాలు నింపి ఉంటాయి. ఒక్కొక్క నౌకలో రెండవ నౌకను పేల్చే మీట ఉంటుంది. అర్ధరాత్రిలోగా ఎవరు ముందు మీట నొక్కితే వారు బతుకుతారని, ఎవరూ నొక్కకపోతే రెండింటినీ తానే పేల్చివేస్తానని జోకర్ ప్రకటిస్తాడు.

పౌరులు కాగితాల మీద ఓట్లు వేస్తారు. ఖైదీల నౌకను పేల్చివేయాలనే అధిక సంఖ్యాకులు రాస్తారు. వారు తమ అవకాశాన్ని ఏనాడో పోగొట్టుకున్నారన్నది వారి వాదన. అయితే మీటను నొక్కడానికి ఎవరూ ముందుకు రారు. చివరకు ఒక మధ్యతరగతి మనిషి లేచి, ఎవరూ చేతులకు మకిలి అంటించుకోరు కనుక తానే నొక్కుతానని మీటను చేతిలోకి తీసుకుంటాడు. తీసుకొని కొంతసేపు చూసి, నొక్కలేక తిరిగి పెట్టెలో పెట్టి కూర్చుంటాడు. రెండవ నౌకలో భారీకాయుడైన ఒక ఖైదీ అధికారి ముందుకు వచ్చి, పది నిమిషాల క్రితమే నీవు చేయవలసిన పని నేను చేస్తానంటాడు. మీటను అందుకొని కిటికీలోంచి నీటిలోకి విసిరేస్తాడు.

పన్నెండు గంటలు దాటుతాయి. ఏ నౌకా పేలదు. జోకర్ సిద్ధాంతం అక్కడ ఓడిపోతుంది. అతడు స్వయంగా పేల్చడానికి సిద్ధపడేలోగా బ్యాట్‌మన్ పట్టుకుంటాడు.

ఈ ఘట్టంలో బ్యాట్‌మన్ లేడు, గోర్డన్ లేడు. ఏ నాయకుడూ వచ్చి ఉపన్యసించలేదు. నగరాన్ని ఆ పది నిమిషాలూ నిలబెట్టినవారు పేరు లేని ఇద్దరు మనుషులు. వారిలో ఒకడు ఖైదీ. మరొక సంగతి కూడా ఉంది. రెండు నౌకల్లోని వారికీ తమ పరిస్థితి పూర్తిగా తెలుసు. ఏ ప్రమాదం ఉందో, ఎంత సమయం ఉందో ఎవరూ వారి నుంచి దాచలేదు. నిజం తెలిసిన జనం భయపడ్డారు, కోపగించారు, తప్పు వైపు ఓటు కూడా వేశారు. ఆఖరి క్షణంలో మాత్రం సరైన పని చేశారు.

అదే రాత్రి జరిగిన పొరపాటు

రేచల్ మరణంతో హార్వీ డెంట్ మనసు విరిగిపోతుంది. సగం కాలిన ముఖంతో, ఒక నాణెం ఎగరవేసి ఎదుటివారి చావుబతుకులు తేలుస్తూ హత్యలు చేస్తాడు. చివరకు గోర్డన్ కుటుంబాన్ని బంధించి, ఆయన కొడుకు తలకు తుపాకి గురిపెడతాడు. బాలుణ్ణి కాపాడే ప్రయత్నంలో బ్యాట్‌మన్ డెంట్‌ను నెట్టివేయగా అతడు కింద పడి మరణిస్తాడు.

డెంట్ నేరాలు బయటపడితే అతడు పెట్టిన కేసులన్నీ వీగిపోతాయని, నగరం ఆశ కోల్పోతుందని గోర్డన్ కలత చెందుతాడు. అప్పుడు బ్యాట్‌మన్ ఆ హత్యలను తన మీద వేయమంటాడు. డెంట్ వీరుడిగా మిగలాలి, తాను నేరస్థుడిగా వేటాడబడాలి. గోర్డన్ అంగీకరిస్తాడు. పారిపోతున్న బ్యాట్‌మన్‌ను చూసి గోర్డన్ కొడుకు, అతడు తప్పేమీ చేయలేదు కదా అంటాడు. ఆ రాత్రి అక్కడ ఉన్నవారిలో నిజాన్ని నిజంగా పలికినవాడు ఆ బాలుడొక్కడే.

త్యాగం గొప్పదే. తన పేరును పోగొట్టుకోవడానికి సిద్ధపడే నాయకులు అరుదు. కాని కొద్ది నిమిషాల తేడాతో జరిగిన రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకవైపు నౌకల్లోని ప్రజలు ప్రాణభయంలో కూడా తాము నమ్మదగినవారమని నిరూపించుకున్నారు. మరొకవైపు వారి నాయకులిద్దరూ అదే ప్రజలు ఒక నిజాన్ని భరించలేరని తీర్మానించారు. ప్రజల్లో మంచి లేదని జోకర్ అన్నాడు. ప్రజల్లో బలం లేదని నాయకులు అనుకున్నారు. ఈ రెండు మాటల మధ్య దూరం మనం అనుకునేంత ఎక్కువ కాదు.

సేవకుడు ఆల్ఫ్రెడ్ కూడా అటువంటి పనే చేస్తాడు. తాను డెంట్‌నే వివాహం చేసుకుంటానని రేచల్ బ్రూస్‌కు రాసిన ఉత్తరాన్ని, అతడు బాధపడతాడని తలచి కాల్చివేస్తాడు. ప్రేమతో చేసిన పనే అయినా అది కూడా దాపరికమే.

ఎనిమిదేళ్ల తర్వాత

ఈ దాపరికానికి చెల్లించిన మూల్యాన్ని 2012లో వచ్చిన మూడవ చిత్రం చూపుతుంది. కథలో ఎనిమిదేళ్లు గడుస్తాయి. డెంట్ పేరుతో ఒక చట్టం వచ్చి, పెరోల్ అవకాశం లేకుండా దాదాపు వెయ్యి మందిని జైల్లో ఉంచుతుంది. ఏటా అతడి పేరుతో ఉత్సవం జరుగుతుంది. నగరం పైకి ప్రశాంతంగా ఉంటుంది. గోర్డన్ మాత్రం కుంగిపోతాడు. కుటుంబం ఆయనను విడిచి వెళ్లిపోతుంది. నిజమంతా ఒక ఉపన్యాసంగా రాసుకొని, సభలో చదవబోయి, ఇంకా సమయం రాలేదని కోటు జేబులో దాచుకుంటాడు.

ఆ కాగితం బేన్ అనే దుష్టుని చేతికి చిక్కుతుంది. అతడు జైలు ముందు నిలబడి, టెలివిజన్ కెమెరాల సాక్షిగా దానిని చదువుతాడు. డెంట్ చిత్రపటాన్ని చింపివేస్తాడు. అబద్ధం పునాదిగా మిమ్మల్ని పాలించారని చెప్పి జైలు తలుపులు తెరిపిస్తాడు. అతడు చదివిన ప్రతి మాటా నిజమే. గోర్డన్ నోట వచ్చి ఉంటే పశ్చాత్తాపమై ఉండవలసిన నిజం, బేన్ నోట వచ్చి ఆయుధమైంది. గోర్డన్‌ను ఆదర్శంగా భావించిన బ్లేక్ అనే యువ పోలీసు ఆయనను ముఖం మీదే నిందిస్తాడు. ఆల్ఫ్రెడ్ కూడా ఉత్తరం సంగతి చివరకు చెప్పవలసి వస్తుంది. తండ్రి వంటి అతడికీ బ్రూస్‌కూ ఎడబాటు కలుగుతుంది.

నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అన్నారు. అది తెలిసే రోజున ఎవరి నోట తెలుస్తుందన్నది నాయకుడు నిర్ణయించుకోవలసిన విషయం. ద్రోణునితో అర్ధసత్యం పలికేవరకు ధర్మరాజు రథం నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచేదని, ఆ మాటతో నేలను తాకిందని భారత కథ. యుద్ధంలో గెలుపు దక్కింది. రథం మళ్లీ పైకి లేచిన ప్రస్తావన లేదు.

మన సంస్థలకు ఇందులో ఏముంది?

గోథం నగరం మనకు దూరం. ముసుగు వీరులు మన ఊళ్లలో తిరగరు. అయితే సత్యాన్ని జనం భరించలేరన్న తలంపు ప్రతి ఊరి సంఘంలోనూ, ప్రతి పాలకవర్గంలోనూ ఉంటుంది. సరిహద్దు జిల్లాలో ఒక తెలుగు మాధ్యమ పాఠశాల ఉందనుకుందాం. ఏటికేడు చేరికలు తగ్గుతున్నాయి. ఉపాధ్యాయ ఖాళీలు భర్తీ కావడం లేదు. ఈ సంగతి తల్లిదండ్రులకు చెబితే ఉన్న పిల్లలను కూడా వేరే బడికి మారుస్తారని పాలకవర్గం భయపడి, వార్షికోత్సవంలో అంతా బాగున్నదని చెబుతూ వస్తుంది. చివరకు తరగతిని మూసివేస్తున్నట్లు నోటీసు అంటించిన రోజున తల్లిదండ్రులు నిర్ఘాంతపోతారు. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగలదు. మూడేళ్ల ముందే అంకెలను వారి ముందు పెట్టి ఉంటే కొందరు వెళ్లిపోయేవారేమో. మిగిలినవారు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్పించేవారు, అధికారులకు అర్జీలు పెట్టేవారు.

గుడి కమిటీ లెక్కలైనా, పొదుపు సంఘం బాకీలైనా, సాంస్కృతిక సంఘం చందాలైనా ఇదే వరుస. నష్టం వచ్చిందని సభ్యులకు చెప్పిన అధ్యక్షుడు ఆ రోజు నాలుగు మాటలు పడతాడు. దాచిన అధ్యక్షుడు వాటిని వడ్డీతో సహా తరువాత పడతాడు. అంతవరకు అతడి రహస్యం తెలిసిన ప్రతివాడికీ లోబడి ఉండవలసి వస్తుంది.

ఈ చిత్రాల నుంచి తరగతి నాయకుడు మొదలుకొని సంఘాధ్యక్షుని వరకు ఆచరణలో పెట్టుకోదగిన అంశాలు ఇవి. తన నియమాలను అనుచరులకు నోటితో చెప్పాలి, చేతలతో చూపాలి. తోటివారి మీద వచ్చిన హెచ్చరికను పనిభారం పేరుతో పక్కన పెట్టరాదు, వారి ఇంటి కష్టాన్ని కనుక్కోవడం మరువరాదు. ప్రత్యేకాధికారం తీసుకునే రోజునే దానికి గడువు రాసిపెట్టి, కాదనగలిగిన మనిషిని పక్కన ఉంచుకోవాలి. వ్యతిరేకికి కూడా రక్షణ కల్పించాలి. చెడువార్తను తన నోటితో, సమయం ఉండగానే చెప్పాలి.

మూడవ చిత్రం చివర బ్యాట్‌మన్ తన స్థావరాన్ని బ్లేక్‌కు అప్పగించి నగరం నుంచి తప్పుకుంటాడు. నగరంలో అతడికి విగ్రహం వెలుస్తుంది. అప్పటికి గోథం ప్రజలకు డెంట్ సంగతి తెలుసు, బ్యాట్‌మన్ నిర్దోషి అన్నదీ తెలుసు. నిజం తెలిసి నగరం కూలిపోలేదు. ఎనిమిదేళ్ల క్రితం రెండు నౌకల్లో అర్ధరాత్రి వరకు వేచి ఉన్న ఆ జనమే దానిని భరించారు, పోలీసులతో పాటు వీధుల్లో నిలబడ్డవారూ వారిలోనే ఉన్నారు.